వెనక మోకు

శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళే మా ఊరి ప్రభ డెబ్బై అడుగులుండేది. పెద్ద చెక్క బండి మీద సరుగుడు కర్రలు నిలబెట్టి, వెదురు దబ్బలు అల్లి, రంగు గుడ్డలు చుట్టి, పైనుంచి కిందిదాకా బల్బులు కట్టేవాళ్ళు. ముందు ట్రాక్టరు లాగుతుంది. అంత ఎత్తుది పడిపోకుండా నాలుగు పక్కలా నాలుగు లావుపాటి తాళ్ళుంటాయి. వాటిని మోకులంటారు. ఒక్కో మోకుని పదిహేను ఇరవై మంది బిగించి పట్టుకుని ప్రభతో పాటు నడవాలి.

దారి పొడుగునా రోడ్డుకి అడ్డంగా తీగలుంటాయి. ప్రభ దాటే వేళకి కరెంటు ఆపుతారు గానీ తీగలు తీగల్లాగే వేలాడుతుంటాయి. కరెంటువి, టెలిఫోనువి, ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన కేబుల్ టీవీవి. వాటిని పంగలకర్రతో ఎత్తి ప్రభ తల మీదుగా దాటించడానికి ఒక మనిషి పైన నిలబడాలి. కదులుతున్న ప్రభ మీద, నడుముకి తాడు లేకుండా.

ఆ మనిషి మా అన్న, వీరాంజనేయులు. అంతకు ముందు మా నాన్న.

నడుముకి తాడెందుకు కట్టుకోరని చిన్నప్పుడు నాన్నని అడిగాను. "తాడు కట్టేది కోతికి" అన్నాడు. అప్పటికే ఆయన ఎడమ కాలు వంకర. నేను అమ్మ కడుపులో ఏడో నెల్లో ఉండగా, అంటే ఎనభై నాలుగులో, సగం ఎత్తు నుంచి పడ్డాడు. తుంటి విరిగి ఆరు నెలలు మంచం మీదున్నాడు. ఆ ఆరు నెలలూ మా మూడెకరాల మిరప, పత్తి, ఇంట్లో మూడేళ్ళ మగపిల్లాడు, చంటిపిల్ల, మంచం మీద నాన్న, అన్నీ మా అమ్మే చూసింది. నాన్న మాత్రం ఆ పడటాన్ని పెళ్ళి కబురులా చెప్పేవాడు. ఎవరైనా కొత్తవాళ్ళు ఇంటికొస్తే పంచె పైకి లాగి మచ్చ చూపించేవాడు. ప్రభ బయల్దేరే రోజు మొదటి కొబ్బరికాయ కొట్టి ఒక చిప్ప నాన్న చేతిలో పెట్టడం ఊళ్ళో ఆనవాయితీ అయింది. ఆ చిప్ప పట్టుకుని ఆయన నిలబడే తీరు చూస్తే, కాలు పోయినందుకు కాదు, వచ్చినందుకు నిలబడినట్టుండేది.

అన్నని కూడా ఒకసారి అడిగాను. ఆ ఏడు ప్రభ దిగి ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. రెండు మోకాళ్ళూ కోడిపిల్లల్లా వణుకుతున్నాయి. చేతులతో నొక్కి పట్టుకున్నా ఆగడం లేదు. నవ్వుతున్నాడు.

"పైన భయం వెయ్యదా అన్నయ్యా?"

"పైన వెయ్యదు. దిగినాక ఇదిగో, ఇట్టా. ఈ వణుకు ఉందే, ఇది ఇంకెందులోనూ రాదు రమ్యా. చేలో మందు కొట్టేటప్పుడూ రాదు, కాయ కోసేటప్పుడూ రాదు. యాడాదికోసారి వస్తది." మోకాళ్ళు నొక్కుకుంటూనే, "అన్నం పెట్టు. బండెడు తింటా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపి అన్నం పెట్టాను.

*

మా వదిన జ్యోతిర్మయిది కనిగిరి దగ్గర పల్లె. అటువైపు ఇలాంటి ప్రభలు లేవు. పెళ్ళయిన మొదటి ఏడు అందరితో పాటు కాలువ వంతెన దాకా వచ్చి, పైన చేతులు వదిలేసి ఒంటికాలి మీద నిలబడి దణ్ణం పెడుతున్న మొగుణ్ణి చూసి రోడ్డు పక్క కూలబడిపోయింది. రెండు రోజుల తర్వాత అమ్మనడిగింది.

"మీరెట్టా ఊరుకున్నారత్తయ్యా?"

"ఊరుకోక? ఎక్కొద్దంటే అన్నం మానేశాడు మీ మావయ్య. కడుపుతో ఉన్నాను, ఆగమంటే, కడుపుతో ఉన్నది నువ్వు, ఎక్కేది నేను అన్నాడు." అమ్మ చేటలో మిరపకాయలు కుదుపుకుంటూ చెప్పింది. మా అమ్మ ప్రభ చూడటానికి ఎన్నడూ రాలేదు. ఆ రోజంతా కళ్ళంలో రోడ్డుకి వీపు పెట్టి కూర్చుని తాలుకాయలు ఏరేది.

ఎక్కే మనిషికి దీక్ష ఉంటుంది. పదకొండు రోజుల ముందు నడుముకి పసుపు గుడ్డ కట్టుకోవాలి. అరుగు మీద పడుకోవాలి. నెలసరి వచ్చి బయట చేరిన ఆడమనిషి ఆ గుడ్డ ముట్టుకుంటే ఆ ఏటికి ఎక్కడం లేదు. నాన్న వాళ్ళ తాత కాలంలో ఒకసారి అలా జరిగిందని, ఆ ఏడు పైన మనిషి లేకుండానే ప్రభ వెళ్ళిందని నాన్న కథలా చెప్పేవాడు. వదిన ఆ కథ చాలాసార్లు వింది. ఒకసారి తనే అడిగి మళ్ళీ చెప్పించుకుంది. నేను పక్కనే ఉన్నాను.

అది రెండు వేల మూడు. పెళ్ళయిన మూడో ఏడు.

శివరాత్రికి ముందు రోజు మా కళ్ళంలో కాయ ఏరుతున్నాం. అమ్మ, వదిన, నేను, సంతోషకుమారి. సంతోషకుమారిది చర్చి వైపు పల్లె, ఊరి బయట దళితవాడ. మొగుడు ఏసోబు మా పొలాల్లోనే మందులు కొట్టేవాడు. ఒక్కడే కొడుకు ప్రకాష్. చిలకలూరిపేటలో కరెంటు షాపులో పని నేర్చుకుని మూడేళ్ళుగా ప్రభకి బల్బులు కట్టేది అతనే. కళ్ళంలోంచి చూస్తే నిలబెట్టిన ప్రభ కనిపిస్తోంది. దాని మీద బల్లిలా ప్రకాష్. అప్పటికి పొద్దున్నుంచి ఏడుసార్లు ఎక్కి దిగాడు. నేను లెక్కపెట్టాను. ఎవరూ ఈలలు వెయ్యలేదు, ఎవరూ చూడలేదు.

సంతోషకుమారి లేచి నిలబడి అరిచింది. "ఒరేయ్ ప్రకాషూ! నడుముకి తువ్వాలన్నా కట్టుకోరా!"

పైనుంచి జవాబొచ్చింది. "ఆంజిబాబు కట్టుకుంటాడా?"

"ఆయనకి శివుడున్నాడు. నీకెవరున్నార్రా ఎదవా?"

"నాకు నువ్వున్నావుగా. కింద పట్టుకో!"

అందరం నవ్వాం. సంతోషకుమారి నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. మిరప ఘాటు. వదిన మాత్రం చేటలో చేతులు ఆపేసి పైకే చూస్తోంది. చప్పున లేచి గడ్డివాము వెనక్కి వెళ్ళింది. కాసేపటికి నేనూ వెళ్ళాను. వామిని పట్టుకుని వంగి ఉంది. కక్కుకున్నదాని మీద కాలితో మట్టి నెడుతోంది.

"ఘాటు రమ్యా" అంది.

ఘాటు కాదని నాకు తెలుసు. జనవరి మొదటివారం తర్వాత పెరటి వెనక దండెం మీద వదిన నెలగుడ్డలు ఆరలేదు. ఒకే దండెం మాది.

*

శివరాత్రి పొద్దున అన్న తలారా స్నానం చేసి తడి ఒంటితో నిలబడ్డాడు. ఉతికి మడిచిన పసుపు గుడ్డ దండెం మీంచి వదినే తెచ్చి చేతికిచ్చింది. అన్న దాన్ని నడుముకి చుట్టి ముడి వేసుకున్నాడు. అప్పుడు వదిన గుమ్మం దిగి, పశువుల కొట్టం పక్కకి వెళ్ళి నిలబడి, నేల చూస్తూ చెప్పింది.

"నేను బయట చేరాను."

నాన్న చేతిలో హారతి పళ్ళెం ఉంది. "ఎప్పుడు?"

"తెల్లారుజామునే. చూసుకోలేదు."

"ఇప్పుడా చెప్పేది? ఇప్పుడా! గుడ్డ ముట్టుకుని చేతికిచ్చినాకనా?" నాన్న పళ్ళెం అరుగు మీద పడేశాడు. "పదకొండు రోజులు దీక్ష! కనిగిరి కొండల్లో నేర్పింది ఇదా నీకు!"

అమ్మ వదిన వంక ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. అన్న ముడి విప్పుకున్నాడు. గుడ్డని అరుగు మీద పెట్టి, ఏం చెయ్యాలో తెలియనట్టు దాన్ని రెండుసార్లు సరిచేశాడు.

నేను నోరు తెరిస్తే అన్న ఎక్కుతాడు. తెరవలేదు. ఆ అబద్ధంలో సగం నాదే.

ప్రభ దగ్గర ట్రాక్టరు అప్పటికే స్టార్టు చేసి ఉంది. పక్క ఊళ్ళ ప్రభలు ముందే కదిలాయని కబురొచ్చింది. పెద్దలంతా చుట్టూ చేరారు. ఎవరికి వాళ్ళు ఎవరో ఒకరు ఎక్కాలంటున్నారు గానీ నేనెక్కుతాననేవాడు లేడు.

"మనిషి లేకుండా పోతే?" అన్నారెవరో.

"పోవచ్చు. దారిలో ముప్పై చోట్ల తీగలు. ప్రతి తీగ కాడా ఆగి నిచ్చెనేసుకుంటూ పోతే రేపటికి చేరతాం. పక్కూరోళ్ళు నవ్వి చస్తారు" అన్నాడు నాన్న. అంటూ తలెత్తాడు. పైన ప్రకాష్ చివరి వరసలో వెలగని బల్బు ఒకటి మారుస్తున్నాడు.

"వాడు పైనే ఉన్నాడుగా."

"పల్లె కుర్రాడా? దీక్ష లేదు, ఏమీ లేదు" అన్నాడొక పెద్దాయన.

"దీక్షెందుకు? వాడు మొక్కుకి ఎక్కలేదు, లైట్ల పనికి ఎక్కాడు. లైట్లోడు లైట్ల కాడ ఉంటే తప్పేంటి?" నాన్న నోటికి చేతులు అడ్డం పెట్టి అరిచాడు. "ఒరేయ్ ప్రకాషూ! దిగమాక! ఇవ్వాళ నువ్వే!"

ప్రకాష్‌కి మొదట వినిపించలేదు. రెండోసారి అరిచాక వినిపించింది. చేతిలో ఉన్న పాత బల్బుని గాల్లోకి విసిరేశాడు. అది రోడ్డు మీద పడి పగిలింది. అంత సంతోషం మనిషి మొహంలో నేను మళ్ళీ చూడలేదు. అంత దూరం నుంచి కూడా కనిపించింది.

వెనక మోకు మొదలు, అంటే ప్రభకి అందరికన్నా దగ్గరి చోటు, ఎప్పుడూ పైనున్న మనిషి ఇంటివాళ్ళే పట్టాలి. దిగుడులో ప్రభ ముందుకి పడకుండా ఆపేది అదే. మిగతా మోకులవాళ్ళు ఊపు చూసి లాగుతారు. వెనక మోకు మొదలు పట్టినవాడు మాత్రం బండి వెనక చక్రాన్నే చూడాలి. పైకి చూడకూడదు. పైకి చూస్తే చెయ్యి వదులవుతుంది. మా ఊళ్ళో ఇది మాటలొచ్చిన ప్రతివాడికీ తెలుసు. అన్న ఎక్కినన్నాళ్ళూ మా బాబాయి పట్టేవాడు.

ఏసోబు బల్బులకి పెట్టిన జనరేటరు దగ్గర నుంచి వచ్చాడు. భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "అయ్యా, పైనున్నది నా కొడుకు. మొదలు నేను పట్టాలి గదా."

"నువ్వు జనరేటరు కాడ ఉండు ఏసోబూ" అన్నాడు నాన్న. "వెనక మోకు మా ఇంటిది. మావాడు కిందే ఉన్నాడు. వాడు పడతాడు."

అన్న వెళ్ళి మోకు మొదలు పట్టుకున్నాడు. జీవితంలో మోకు పట్టడం అదే మొదటిసారి.

*

మేం ఆడవాళ్ళం రోడ్డు పక్కన నడిచాం. నేను వెనక మోకుకి సమంగా నడిచాను. కావాలనే. అన్న కింద నడవడం ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

ఊరు దాటేదాకా జనం ఊరుకున్నారు. మొదటి తీగ దగ్గర ప్రకాష్ పంగలకర్రతో దాన్ని ఎత్తి, తల వంచి, ఆగకుండా దాటించేశాడు. ఈల పడింది. రెండో తీగ, మూడో తీగ. అన్నకంటే సన్నని మనిషి. ప్రభ ఊగితే తనూ ఊగేవాడు, ఆపుకునేవాడు కాదు. నాలుగో తీగ దాటాక చేతులు వదిలేసి ఒంటికాలి మీద నిలబడి దణ్ణం పెట్టాడు. అచ్చం అన్న పెట్టినట్టు. అది ఎప్పుడు నేర్చుకున్నాడో. ఎవరూ చూడనప్పుడు పైన ఎన్నిసార్లు పెట్టుకున్నాడో.

"ప్రకాషూ! ప్రకాషూ!" జనం మొదలుపెట్టారు. నాన్న ట్రాక్టరు మీద కూర్చుని తువ్వాలు తిప్పుతున్నాడు. "లైట్లోడు అదరగొట్టాడ్రా!"

అన్న చక్రాన్నే చూస్తున్నాడు. ప్రతి అరుపుకీ అతని దవడ కదులుతోంది.

కాలువ వంతెన ఎత్తుగా ఉంటుంది. ఎక్కేటప్పుడు ముందు మోకులు, దిగేటప్పుడు వెనక మోకు. ప్రభ వంతెన ఎక్కింది. దిగుడు మొదట్లోనే టెలిఫోన్ కేబులు. ప్రకాష్ రెండు చేతులతో పంగలకర్ర పట్టుకుని దాన్ని పైకి నెట్టాడు. బరువైన కేబులు. కర్ర వంగింది. అతను మునివేళ్ళ మీద లేచాడు. జనం ఒక్కసారి గొంతెత్తి అరిచారు.

అన్న పైకి చూశాడు.

నేను చూస్తుండగానే మెడ లేచింది. నోరు కొంచెం తెరుచుకుంది. మోకు మధ్యలో ఉయ్యాలలా సాగింది, బారెడుకంటే ఎక్కువ లేదు. ప్రభ తల ముందుకి వాలింది. వెనక ఉన్న పదిహేను మంది కేకేసి లాగారు. తల వెనక్కి కొట్టుకుంది.

ఆ రెండింటి మధ్య ప్రకాష్ చేతుల్లో కర్ర తప్ప ఏమీ లేదు.

"పడలేదు! ప్రభ పడలేదు! నిలబడింది!" అని ముందు అరిచింది మావాళ్ళే. సంతోషంతో అరిచారు. మనిషి సంగతి కాలువ కట్ట వైపు నుంచి వచ్చిన కేకలతో తెలిసింది. కట్టకి పేర్చిన రాళ్ళ మీద పడ్డాడు. నేను వెళ్ళేసరికి ఏసోబు జనరేటరు దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చి కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏడవడం లేదు. తువ్వాలుతో మొహం మీద దుమ్ము తుడుస్తున్నాడు, బడికి పంపేటప్పుడు తుడిచినట్టు.

మొక్కుకున్న ప్రభని వెనక్కి తిప్పకూడదు. గంటసేపాగి అది కొండకి వెళ్ళింది.

*

దీక్ష లేనివాణ్ణి ఎక్కించారు, అందుకే ఇలా అయిందని ఊరు అనుకుంది. నాన్న కూడా అదే అన్నాడు, "దిగమాక" అని అరిచింది తను కానట్టు. మోకు సంగతి ఎవరూ ఎత్తలేదు. దిగుడులో ప్రభ ఊగడం మామూలే గదా అన్నారు.

పదహారో రోజున సంతోషకుమారి మళ్ళీ మా కళ్ళంలోకి వచ్చింది. కాయ ఆగదు గదా. తాలుకాయలు ఏరింది. మధ్యాహ్నం ముంత ఎత్తి నీళ్ళు తాగి అంది.

"పొద్దున చద్దన్నం తినమంటే వచ్చి తింటానన్నాడు. నేను మూత పెట్టి పోయాను. నాలుగు రోజులు అట్టాగే ఉంది."

ముంత దించి మళ్ళీ తనే, వదిన వైపు చూస్తూ, నిష్ఠూరం లేకుండా అంది. "ఒక్క రోజు ఆగున్నా బాగుండేదమ్మా నీకు. ఏం చేస్తాం, అది మన చేతిలో పనా."

వదిన చేతిలో కాయ చిదిమింది. గింజలు ఒళ్ళో పడ్డాయి. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. మంట పుట్టి ఉంటుంది. మళ్ళీ అదే చేత్తో తుడుచుకుంది.

ఏప్రిల్ చివర్లో వదిన అన్నం ముందు కూర్చుని కక్కుకుంటే అమ్మ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చి, "నాలుగో నెల" అంది అమ్మ. సంతోషంగా అనబోయి మధ్యలో ఆగిపోయింది. వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టుకుని, దీపం పెట్టాలంటూ లోపలికి వెళ్ళింది. నాన్న ఊళ్ళో లేడు.

అన్న అరుగు మీద, వదిన గుమ్మంలో ఉన్నారు. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. మాటలన్నీ వినిపించాయి.

"నాలుగా?"

"ఊ."

"మరి శివరాత్రికి?"

వదిన అంది, "నువ్వుండాలనుకున్నాను. అంతే."

"వాడుండక్కర్లేదా?"

"వాణ్ణి ఎక్కిస్తారని నాకు తెలుసా? అట్టా అయిన ఏడు ఎవరూ ఎక్కలేదని మీ నాన్నే చెప్పాడు గదా! ఎన్నిసార్లు చెప్పాడు! కడుపుతో ఉన్నానంటే ఆగేవాడివా నువ్వు? చెప్పు, ఆగేవాడివా?"

"ఆగేవాణ్ణి కాదు" అన్నాడు అన్న. తర్వాత, గొంతు బాగా తగ్గించి, "నీవల్ల కాదులే. నేను పైకి చూశాను" అన్నాడు.

"ఏంటి?"

"మోకు పట్టుకుని పైకి చూశాను."

"ఎందుకు?"

"అందరూ అరుస్తున్నారు. నాకెన్నడూ అంతలా అరవలేదు. వాడు అంత బాగా ఎట్టా నిలబడ్డాడో చూద్దామని." అరుగు గచ్చుని గోటితో గీకుతున్న చప్పుడు. "నేను పైనుంటే ఎట్టా ఉంటానో నాకెన్నడూ తెలవదు గదా."

చెప్పులు వేసుకుని చర్చి వైపు నడిచాడు. అన్న ఏసోబుతో ఏం చెప్పాడో, ఏసోబు ఏమన్నాడో నాకు తెలియదు. అరగంటలో తిరిగొచ్చాడు. మర్నాటి నుంచి ఏసోబూ సంతోషకుమారీ మా పనికి రాలేదు. వేరే రైతు పొలానికి వెళ్ళారు. ఎదురైతే పక్కకి తప్పుకునేవాళ్ళు, ఎప్పుడూ తప్పుకున్నట్టే.

అక్టోబరులో ఆడపిల్ల పుట్టింది. ఇక ఎక్కనని అన్న పిల్ల మీద చెయ్యి వేసి చెప్పాడు. వదిన ఆ ఏడు నవ్విన రోజు అదొక్కటే.

*

మళ్ళీ శివరాత్రికి పన్నెండు రోజులున్నాయనగా పెద్దలు మా అరుగు మీద కూర్చున్నారు. అన్న ఎక్కనన్నాడు. నాన్న తిట్టాడు, బతిమాలాడు, వంకర కాలు చూపించాడు. అన్న తలెత్తలేదు. అప్పుడు ఏసోబు వాకిట్లోకి వచ్చాడు. తువ్వాలు భుజం మీదే ఉంది.

"ఆంజినేయులు బాబు ఎక్కాల" అన్నాడు. "వెనక మోకు మొదలు నేను పడతా."

అందరూ ఒకేసారి మాట్లాడారు. మా ఇంటి మోకు అన్నాడు నాన్న. పల్లెవాడు మొదలు పట్టడం ఎక్కడైనా ఉందా అన్నాడింకొకడు. ఏసోబు వాళ్ళెవరి వైపూ చూడలేదు. అన్నని చూస్తున్నాడు.

"పట్టనీండి" అన్నాడు అన్న. "ఎక్కుతా."

లోపల వదిన చేతిలో గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. పడెయ్యలేదు, పెట్టింది.

శివరాత్రి ముందు రోజు పిల్లని ఎత్తుకుని వదిన చర్చి వైపు బయల్దేరింది. నన్ను తోడు రమ్మంది. సంతోషకుమారి ఇంటి ముందు పొయ్యి రాజేస్తోంది. కూర్చోమనలేదు. వదిన నిలబడే అడిగింది.

"మీ ఆయన వదిలేస్తాడా సంతోషమ్మా?"

"నాకేం చెప్పడు. నిద్దట్లో మాత్రం పిడికిళ్ళు బిగిస్తాడు."

"వదిలేస్తాడా?"

సంతోషకుమారి పొయ్యిలోకి పుల్ల తోసింది. "నాకు తెలవదమ్మా. తెలిస్తే మాత్రం ఆపుతానా?" తర్వాత పిల్ల వైపు చూసింది. "ఎండలో తెచ్చావేంటి దీన్ని. తల మీద గుడ్డ కప్పు" అంది.

నేను వదినతో చెప్పాను, తిరిగొచ్చే దారిలో. "ఆ రోజు నాకు తెలుసు. నువ్వు బయట చేరలేదని." వదిన నడక ఆపలేదు. "చెప్పేస్తే పోయేదిగా" అంది. నన్నో, తననో.

మర్నాడు మళ్ళీ వెనక మోకుకి సమంగా నడిచాను. పక్కన వదిన, భుజం మీద పిల్ల. మా అమ్మ ఆ ఒక్క ఏడు ప్రభ చూడటానికి వచ్చింది. అన్న పసుపు గుడ్డతో పైన నిలబడ్డాడు. దణ్ణాలు పెట్టలేదు, ఒంటికాలి మీద నిలబడలేదు. జనం అరిస్తే అరిచారు. తీగలు వచ్చినప్పుడు ఎత్తాడు, దాటించాడు. తీగ లేనప్పుడు కిందికి, వెనక మోకు వైపు చూస్తూ నిలబడ్డాడు. చూడటం కాదు. ఎదురుచూస్తున్నాడు. అది నాకు అక్కడి నుంచే అర్థమైంది. వదినకి నాకంటే ముందే అర్థమై ఉంటుంది.

వంతెన వచ్చింది. ప్రభ ఎక్కింది. దిగుడు మొదట్లో అదే కేబులు. అన్న పంగలకర్ర రెండు చేతులతో పట్టుకున్నాడు.

నేను పైకి చూడలేదు. ఏసోబు మొహమే చూశాను. కళ్ళు చక్రం మీద ఉన్నాయి. జనం అరిచారు. ఆ కళ్ళు కదల్లేదు. అతని మెడ నరాలు తాళ్ళలా లేచాయి. చక్రం దిగుడులోకి జారింది. మోకు ఇనపకడ్డీలా నిలబడింది. అతని అరచేతుల కింద నుంచి మోకు మీద నెత్తురు జీర సాగుతూ వచ్చింది. బాగా బిగించిన చేతుల్లో చర్మం జారుతుంది. చక్రం చదునుకి వచ్చింది.

ప్రభ ఒక్క అంగుళం ఊగలేదు. మా ఊరి ప్రభ అంత బాగా ఎన్నడూ దిగలేదని ఇప్పటికీ అంటారు.

వంతెన దాటాక ప్రభని కాసేపు ఆపితే అన్న దిగాడు. కట్ట మీద కూర్చున్నాడు. వదిన పరిగెత్తి వెళ్ళి రెండు మోకాళ్ళ మీదా చేతులు వేసింది. చాలాసేపు ఉంచింది. అవి వణకడం లేదు. రాళ్ళలా ఉన్నాయి.

ఏసోబు కాలువలోకి దిగి చేతులు కడుక్కున్నాడు. తువ్వాలు రెండుగా చించి రెండు అరచేతులకీ చుట్టుకుని పైకి వచ్చాడు. అన్న లేచి నిలబడ్డాడు.

"వదిలేస్తావనుకున్నా" అన్నాడు.

"తెలుసు. అందుకేగా ఎక్కావు." ఏసోబు పంటితో ముడి బిగించుకున్నాడు. "మొదలు పట్టినోడు పట్టాల బాబూ. పైకి చూడకుండా పట్టాల. అదే నీకు చూపిద్దామని."

"చూశాను."

"ఒకసారి చూస్తే సరిపోదు. వచ్చే ఏడు కూడా నేనే పడతా. ఆ తర్వాతేడు కూడా. నా చేతుల్లో బలం ఉన్నన్నాళ్ళూ పడతా. నువ్వెక్కాల."

అన్న తలూపాడు.

ట్రాక్టరు దగ్గర నాన్న కొబ్బరిచిప్ప పట్టుకుని చూసిన వాళ్ళందరికీ చెబుతున్నాడు, "చూశారా నిలబడటం! చూశారా!" అమ్మ రోడ్డుకి వీపు తిప్పి ఇంటి వైపు నడక మొదలుపెట్టింది. వదిన పిల్లని ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకుని ఏసోబు చేతుల వైపే చూస్తోంది. గుడ్డల్లోంచి నెత్తురు ఇంకా వస్తోంది గానీ అవి గట్టి చేతులు. ఏసోబుకి యాభై దాటలేదు. అన్నకి అప్పటికి ఇరవై మూడు. నాన్న పడింది ముప్పై నాలుగో ఏట.